ఒంటి మీదికి వచ్చే బంతికి ఫోర్‌హ్యాండా, బ్యాక్‌హ్యాండా?

వేళచ్చేరి నాన్న:
మా అమ్మాయికి పదకొండేళ్లు. ఇక్కడ చెన్నైలోనే రెండేళ్లుగా టేబుల్ టెన్నిస్ నేర్చుకుంటోంది. ఫోర్‌హ్యాండ్ బాగా కొడుతుంది. ఎడమ మూలకి, ఒంటి మీదికి వచ్చిన బంతులకి కూడా పక్కకి తిరిగి ఫోర్‌హ్యాండే వేస్తుంది. కోచ్ గారు అది మానెయ్యమంటున్నారు. పోయిన ఆదివారం మ్యాచ్‌లో ఆ షాట్‌తోనే ఏడు పాయింట్లు తెచ్చుకుంది. ఉన్న బలాన్ని ఎందుకు వదులుకోవాలి?

అంబత్తూర్:
మాన్పించకండి. ఫోర్‌హ్యాండ్‌కి నడుము, భుజం కలిసి తిరుగుతాయి, ఆ జోరు బ్యాక్‌హ్యాండ్‌కి రాదు. మన చెన్నై శరత్ కమల్ పదిసార్లు జాతీయ చాంపియన్ అయ్యాడు, ఆయన పెద్ద ఆయుధం ఫోర్‌హ్యాండే. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ఫైనల్లో దక్షిణ కొరియా ఆటగాడు ర్యూ సంగ్ మిన్ కూడా ఫోర్‌హ్యాండ్‌నే నమ్ముకుని చైనా ఆటగాడు వాంగ్ హావోని ఓడించాడు. కాళ్లు కదిలితే చాలు.

పెరంబూర్:
చిక్కంతా ఆ కాళ్ల దగ్గరే అండి. ర్యూది పాత పెన్‌హోల్డ్ పద్ధతి, అంటే పెన్ను పట్టుకున్నట్టు బ్యాట్ పట్టుకోవడం. ఆ పట్టుతో బ్యాక్‌హ్యాండ్ గట్టిగా కొట్టడం కష్టం, అందుకే అంత పరుగు. టేబుల్ వెడల్పు 152.5 సెంటీమీటర్లు. ఎడమ మూలకి వెళ్లి తిరిగితే కుడివైపంతా ఖాళీ. ఆ దెబ్బకి పాయింట్ రాకపోతే తర్వాతి బంతి అక్కడికే వస్తుంది.

నేనైతే మోచేయి చూడమంటాను. బ్యాట్ పట్టిన చేతి మోచేయి మీదికి వచ్చిన బంతికే అసలు టెన్షన్. ఏది వెయ్యాలో తేల్చుకునేలోపు బంతి వచ్చేస్తుంది, ఎదుటివాళ్లు కావాలనే అక్కడ వేస్తారు. అది వేగంగా వస్తే బ్యాక్‌హ్యాండే, బ్యాట్ ముందే ఒంటికి ఎదురుగా ఉంటుంది కాబట్టి. మన భారత ఆటగాడు సత్యన్ ఆట చూడండి, టేబుల్‌ని అంటిపెట్టుకుని బ్యాక్‌హ్యాండ్‌తో ఎంత తొందరగా ఆడతాడో! నెమ్మదిగా పుష్ (బంతి కింద బ్యాట్‌తో తోసి పంపే దెబ్బ) వచ్చిందా, తిరగడానికి టైమ్ ఉంటుంది. అప్పుడు ఫోర్‌హ్యాండ్ కొట్టాల్సిందే.

అంబత్తూర్:
వేగాన్ని బట్టి అన్నది ఒప్పుకుంటాను. కానీ పూర్తిగా మాన్పిస్తే కాళ్లకి ఆ అలవాటే పోతుంది. నాకు చిన్నప్పుడు మాన్పించారు. ఈరోజుకీ ఎత్తుగా పుష్ వచ్చినా నా కాళ్లు కదలవు, అక్కడే నిలబడి బ్యాక్‌హ్యాండ్ పెట్టేస్తాను. ఆ బాధ నాకు తెలుసు.

పెరంబూర్:
మాన్పించమని నేనూ అనను. మల్టీబాల్ పెట్టించండి, అంటే కోచ్ ఒకదాని వెంట ఒకటి బంతులు వేస్తూ చేయించే ప్రాక్టీస్. మోచేయి మీదికి ఒకటి వేగంగా, ఒకటి పుష్, వరస ముందు చెప్పకుండా. ఏది వెయ్యాలో పాపే తేల్చుకోవాలి.

వేళచ్చేరి నాన్న:
మీ మాటలు చదివాక ఆ మ్యాచ్ వీడియో మళ్లీ చూశాను. ఏడు పాయింట్లలో ఐదు పుష్ మీద వచ్చినవే. వేగంగా వచ్చిన బంతులకి తిరిగి, కుడి మూల వదిలేసి పోగొట్టుకున్నవి ఆరు. వాటిని నేను లెక్కే పెట్టుకోలేదు. శనివారం కోచ్ గారిని మల్టీబాల్ గురించి అడుగుతాను.