లినోకట్‌లో నలుపు నిండుగా పడటం లేదు, 12 ప్రింట్లు ఒకేలా రావాలంటే?

ప్రశ్న: అరచేయంత లినోలియం (చెక్కడానికి వీలైన మెత్తటి షీట్, లినో అంటారు) ముక్క మీద చెట్టు బొమ్మ చెక్కాను. ప్రెస్ లేదు, చెక్క గరిటె వెనకవైపుతో రుద్ది ప్రింట్ తీస్తున్నాను. నల్లగా ఉండాల్సిన చోటల్లా ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. ఇంక్ పెంచితే కొమ్మల మధ్య చెక్కిన సన్నటి గాడులు పూడిపోతున్నాయి. పేపర్ 220 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) డ్రాయింగ్ షీట్, ఇంక్ నీళ్లతో కడిగే రకం. 12 ప్రింట్ల ఎడిషన్ (ఒకే బొమ్మ నుంచి ఒకేలా తీసి నంబర్లు వేసే సెట్) తీద్దామని ఆశ. ఎక్కడ తప్పుతోందో చెప్పండి.

జవాబు 1: ముందు పేపర్ మార్చండి. మీ సమస్యలో సగం అక్కడే ఉంది. అంత మందం షీట్‌ను లినో మీద సమంగా అదమడానికి చేతి బలం చాలదు, అది ప్రెస్ పని. 40 నుంచి 80 జీఎస్‌ఎం మధ్య, నునుపుగా ఉండి పీచు బలంగా ఉన్న పేపర్ తీసుకోండి. రుద్దేటప్పుడు చిరగకుండా పైన బటర్ పేపర్ వేసుకోండి.

ఇక ఇంక్. గాజు పలక మీద కొద్దిగా వేసి, రోలర్‌తో నిలువుగా, అడ్డంగా పరవండి. రోలర్ కింద సన్నగా ‘స్‌స్’ మని శబ్దం వస్తే సరిపోయినట్టు. జిగటగా పచపచలాడుతూ, పైన గుంటలు గుంటలుగా కనిపిస్తే ఎక్కువైంది, కొంత తీసేయండి. లినోకు ఒకేసారి మందంగా పట్టించొద్దు. పలచటి పూతలు మూడు నాలుగు, ప్రతిసారీ రోలర్‌ను పలక మీద మళ్లీ తిప్పుకొని వేయండి. గాడులు పూడకుండా నలుపు చిక్కగా రావడానికి నాకు తెలిసిన దారి ఇదే.

గరిటె ఒకసారికి తాకేది చాలా చిన్న చోటు. అందుకే మధ్య నుంచి అంచులకు, చిన్న చిన్న సున్నాలు చుడుతూ, ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా రుద్దండి. రెండో చేత్తో పేపర్ కదలకుండా పట్టుకొని ఒక మూల మెల్లగా ఎత్తి చూడండి. వెలిసినట్టుంటే అలాగే దించి ఆ చోటే మళ్లీ రుద్దండి. ఇంకా చాలకపోతే ఎత్తిన భాగం కింద లినోకు రోలర్ ఒకసారి తగిలించి దించవచ్చు.

కొత్త లినో మీద మొదటి రెండు మూడు ప్రింట్లు పాలిపోయినట్టే వస్తాయి. వాటిని పాత న్యూస్‌పేపర్ మీద తీసి పక్కన పెట్టండి. ఎడిషన్‌లో కలపకండి.

జవాబు 2: పై మాటలన్నీ నిజం. నీళ్ల ఇంక్ గురించి ఒకటి కలుపుతాను. మీరు రుద్దడం పూర్తయ్యేలోపే పలచటి పూత ఆరిపోతుంది, తెల్ల చుక్కలకు అదీ కారణమే. ఫ్యాన్ ఆపేయండి. వీలుంటే నూనె ఇంక్‌కు మారండి. సబ్బు నీళ్లతో కడిగే నూనె ఇంకులు కూడా దొరుకుతున్నాయి. ఆరడానికి మాత్రం రోజులు పడుతుంది, ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్సండీ. పేపర్ ప్రతిసారీ కాస్త వంకరగా పడుతోంది, దానికేమైనా ఉపాయం ఉందా? నంబర్లు ఎలా వేయాలి?

జవాబు 1: ఒక అట్ట మీద లినో కూర్చునే మూలకు ‘ఎల్’ ఆకారంలో అట్టపట్టీలు అంటించండి, లినో ఎత్తుకు మించకుండా. పేపర్ రెండు అంచులు ఆనడానికి ఇంకో ‘ఎల్’ దాని బయట. ఇక ప్రతిదీ ఒకే చోట పడుతుంది.

12 కావాలంటే 15 తీయండి. ఆరాక వరసగా పరిచి, నలుపు ఒకేలా ఉన్నవి ఏరండి. బొమ్మ కింద పెన్సిల్‌తో ఎడమవైపు 1/12, 2/12 అని, కుడివైపు సంతకం. 12 అని రాశాక అదే బొమ్మ పదమూడోది ఆ ఎడిషన్‌లో చేర్చకూడదు. కొన్నవాళ్లకు మనమిచ్చే మాట అది.