సర్వర్ పోయింది, బ్యాకప్ ఉంది, తెరవడానికి కీ లేదు

వాననీడ:
సర్వర్ గదిలోకి నీళ్లొచ్చి ఫైల్ సర్వర్ మొత్తం మునిగింది. బ్యాకప్ వేరే చోట భద్రంగా ఉంది, బోర్గ్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసినది. పాస్‌ఫ్రేజ్ నాకు కంఠతా వచ్చు. అయినా కొత్త మెషీన్ మీద తెరవబోతే కీ ఫైల్ లేదంటోంది. సుమారు 4 టీబీ డేటా. నిన్నటి నుంచి నిద్ర లేదు, ఎవరైనా దారి చెప్పండి.

టేపురీలు:
అంటే రిపోని, అదే బోర్గ్ బ్యాకప్ దాచే చోటుని, కీఫైల్ మోడ్‌లో పెట్టారు. అందులో కీ రిపోలో ఉండదండీ, బ్యాకప్ తీసిన మెషీన్‌లోనే ఉంటుంది. మీకు గుర్తున్న పాస్‌ఫ్రేజ్ ఆ కీకి వేసిన తాళం మాత్రమే. రిపోకీ మోడ్ అయితే కీ కూడా రిపోతోనే ఉండేది, ఈ బాధ తప్పేది. ఎవరైనా 'బోర్గ్ కీ ఎక్స్‌పోర్ట్' కమాండ్‌తో కీ కాపీ తీసి దాచారేమో ముందు కనుక్కోండి. తడిసిన డిస్కులకి మాత్రం కరెంట్ ఇవ్వకండి. కీ ఇంకెక్కడా దొరక్కపోతే రికవరీ వాళ్లకి మిగిలే ఆధారం ఆ సిస్టమ్ డిస్కే.

రాత్రికాపలా:
మాది రెస్టిక్, బోర్గ్ లాంటిదే ఇంకో ప్రోగ్రామ్. కీ రిపోలోనే ఉంది, పాస్‌వర్డేమో పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉంది, ఆ మేనేజర్ నడిచేది పోయిన సర్వర్ మీదే! ఒక సహోద్యోగి ఫోన్‌లో ఆఫ్‌లైన్ కాపీ ఉండబట్టి బయటపడ్డాం. ఆ తర్వాత 'రెస్టిక్ కీ యాడ్' కమాండ్‌తో రెండో పాస్‌వర్డ్ పెట్టి, కాగితం మీద రాసి, కవరు అంటించి బీరువాలో పెట్టాం.

వాననీడ:
దొరికింది! నాకు ముందు పనిచేసినాయనకి ఫోన్ చేస్తే, పేపర్ కీ ప్రింట్ తీసి ఒప్పందాల ఫైల్లో పెట్టానన్నారు. ఆయనకి ఎంత రుణపడ్డానో చెప్పలేను. చూసి టైప్ చేశాను. ప్రతి వరసకీ చెక్‌సమ్ (తప్పు పట్టే కోడ్) ఉంది కాబట్టి తప్పు కొట్టిన చోట వెంటనే ఆపింది. ఆర్కైవ్‌లన్నీ, అంటే ఒక్కోసారి తీసిన బ్యాకప్‌లన్నీ, కనబడుతున్నాయి. లైన్ మాత్రం 100 ఎంబీపీఎస్.

టేపురీలు:
ఆ లైన్ మీద 4 టీబీ అంటే దాదాపు నాలుగు రోజులు. డిస్క్ పట్టుకెళ్లి రిపోనే కాపీ చేసుకు రండి. రిపో చోటు మారిందని బోర్గ్ అడిగితే అవుననండి. ఈలోగా అత్యవసరమైన ఫోల్డర్లు మాత్రం నెట్ మీద దించుకోండి. బ్యాకప్ నుంచి ఫైళ్లు బయటికి తీసే ఎక్స్‌ట్రాక్ట్ కమాండ్ మీరున్న ఫోల్డర్‌లోనే ఫైళ్లు పోస్తుంది, అందుకని ముందు ఖాళీ డిస్క్‌లోకి వెళ్లి నడపండి.

చిట్టాపద్దు:
సాంబా (విండోస్ మెషీన్లకి ఫైళ్లు పంచే ప్రోగ్రామ్) షేర్లయితే ఇంకో మాట. ఎక్స్‌ట్రాక్ట్ రూట్‌గానే (అన్ని అధికారాలున్న యూజర్‌గా) నడపండి, లేకపోతే ఫైళ్ల ఓనర్లు సరిగా రారు. మాకు ఫైళ్లన్నీ వచ్చాయి, ఎవరికీ తెరుచుకోలేదు. కొత్త మెషీన్ ఎస్‌ఐడీ (మెషీన్ గుర్తింపు నంబరు) వేరు కావడంతో పాత అనుమతులన్నీ ఊరూ పేరూ లేని యూజర్ల మీద ఉన్నాయి. 'నెట్ సెట్‌లోకల్‌ఎస్‌ఐడీ' కమాండ్‌తో పాతది పెడితే సర్దుకుంది. పాత నంబరు సాంబా ప్రైవేట్ ఫోల్డర్‌లో ఉంటుంది, అది మీ బ్యాకప్‌లో ఉందా?

వాననీడ:
ఉందండీ, ఇప్పుడే చూశాను. జీతాల ఫోల్డర్ దిగింది, ఫైళ్లు తెరుచుకుంటున్నాయి. మిగతాదానికి తెల్లారగానే డిస్క్ తీసుకుని బయల్దేరుతున్నాను.