అనూ యాపిల్ నుంచి యూనికోడ్‌కి: ఏ లేఅవుట్, ఏ కీబోర్డు?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
అందరికీ నమస్కారం. మాది దస్తావేజులు, పెళ్లి కార్డులు కంపోజ్ చేసే సెంటరు. ఆపరేటర్లు ఇద్దరికీ అనూలో (పాత తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్) యాపిల్ లేఅవుటే (ఏ కీకి ఏ అక్షరమో చెప్పే అమరికల్లో ఒకటి) అలవాటు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో పని బాగానే నడుస్తుంది గానీ, అదే మ్యాటర్ వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. ఇప్పుడు పార్టీలు యూనికోడ్ (ఏ ఫోన్లో, కంప్యూటర్లో అయినా తెలుగుగానే కనిపించే పద్ధతి) అడుగుతున్నారు. ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాలకి నేరుగా కీలుండే లేఅవుట్) నేర్పించాలా, ఫొనెటిక్ (ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు మాటగా మార్చేది) చాలా? విండోస్ 11లో ఇన్‌స్క్రిప్ట్ పెట్టి చూస్తే వత్తు దగ్గర చుక్కల గుండ్రం వస్తోంది, అది ఫాంటు లోపమా? ఇంకొకటి, కీబోర్డులు ఎలాగూ మార్చాలి. బల్ల ఇరుకు, చిన్న సైజువి కొనొచ్చా?

గంటస్తంభం (విజయనగరం):
రోజంతా కొట్టేవాళ్లకి ఇన్‌స్క్రిప్టే మాస్టారూ, సందేహం లేదు.

ముందు ఆ గుండ్రం సంగతి. తప్పు ఫాంటుది కాదు, కొట్టే వరసది. అనూ ఫాంట్లలో ప్రతి ముక్కా ఒక బొమ్మ. ఆ బొమ్మల్ని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టారు. ఫాంటు లేని చోట ఆ ఇంగ్లీషు గుర్తులే బయటపడతాయి, మీ వాట్సాప్ గోల అదే. అక్కడ వత్తు కూడా ఒక బొమ్మే కాబట్టి గుడి పెట్టాక వత్తు తగిలించినా కంటికి సరిపోతుంది. యూనికోడ్‌లో వత్తుకి విడి అక్షరం లేదు. హల్లు, పొల్లు, మళ్లీ హల్లు, ఆ తరవాతే గుణింతం. ‘బొబ్బిలి’లో బ్బి రావాలంటే బ, పొల్లు, బ, గుడి. మీవాళ్లు పాత చేతివాటంతో బ, గుడి, పొల్లు, బ కొడుతుంటారు. గుడి తరవాత పొల్లు పడితే దానికి ఆధారం లేక గుండ్రం వేస్తుంది.

పెట్టుకునే పద్ధతి: సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్, యాడ్ ఎ లాంగ్వేజ్, తెలుగు. డిస్‌ప్లే లాంగ్వేజ్ టిక్కు తీసేయండి, లేకపోతే మెనూలన్నీ తెలుగులోకి వెళ్లి ఆపరేటర్లు తికమకపడతారు. ఇంగ్లీషుకీ తెలుగుకీ మారడానికి విండోస్ కీ, స్పేస్. విండోస్ కీ, కంట్రోల్, ఓ కలిపి నొక్కితే తెర మీద కీబోర్డు వస్తుంది. తెలుగులోకి మారి ఉంటే దాని మీద తెలుగు అక్షరాలే కనిపిస్తాయి. మొదట్లో అది తెరిచే ఉంచండి.

లేఅవుట్ లెక్క తేలికే. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి. గుణింతం ఉన్న కీకే షిఫ్ట్ తగిలిస్తే అచ్చు. క కి షిఫ్ట్ అయితే ఖ, ద కి షిఫ్ట్ అయితే ధ. పొల్లు ‘డి’ మీద, సున్న ‘ఎక్స్’ మీద. శ్రీకాకుళం కొట్టాలంటే: షిఫ్ట్ ఎం, డి, జె, ఆర్, కె, ఈ, కె, జి, షిఫ్ట్ ఎన్, ఎక్స్. పది నొక్కులు. విజయనగరానికి ఎనిమిదే, షిఫ్ట్ అక్కర్లేదు (ఈ ఒక్క విషయంలో మా ఊరిదే పైచేయి).

కోలన్, కోట్స్ కీలు చ, ట లకి పోయాయి కాబట్టి వాటికి ఇంగ్లీషులోకి మారక తప్పదు. బ్యాక్‌స్పేస్ ఒక్కో ముక్కే తీస్తుంది: క్క తరవాత ఒకసారి కొడితే వత్తు పోయి క్ మిగులుతుంది. డిలీట్ అయితే అక్షరం మొత్తాన్నీ ఊడ్చేస్తుంది.

చంపావతి (విజయనగరం):
ఫొనెటిక్‌ని మరీ తీసిపారేయకండి. విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ ఉంది, లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో యాడ్ ఎ కీబోర్డ్ కొడితే వస్తుంది. రోజుకి ఒకటి రెండు పేజీలైతే అది చాలు. కాకపోతే దస్తావేజులంటున్నారు గనక చెప్తున్నా, అది చూపించే మాటల్లో ల, ళ, శ, ష దగ్గర కళ్లు పెట్టుకుని చూడాలి. కళింగపట్నం కలింగపట్నం అయిపోయినా చదివేవాడికి చటుక్కున తెలీదు. ఇంటిపేర్ల విషయంలో ఇంకా కష్టం. ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టిందే పడుతుంది, ఊహించడాలుండవు. గూగుల్ డాక్స్‌లో నోటితో చెప్పి కొట్టించేదీ ఉంది (క్రోమ్‌లో టూల్స్, వాయిస్ టైపింగ్). చిత్తుప్రతికి పనికొస్తుంది, సర్వే నంబర్లకి మాత్రం నమ్మొద్దు.

ఇచ్ఛాపురం లైను:
కీబోర్డు గురించి ఎవరూ చెప్పలేదు. కొనేముందు ఒకటో అంకెకి ఎడమపక్క కీ చూడండి. ఇన్‌స్క్రిప్ట్‌లో ‘ొ’ దాని మీదే, షిఫ్ట్‌తో ‘ఒ’. అరవై శాతం సైజు అని అమ్మే బుల్లి కీబోర్డుల్లో ఆ చోట ఎస్కేప్ పెడతారు. ఒత్వం కావాలంటే ఎఫ్‌ఎన్ పట్టుకుని నొక్కాలి. బొబ్బిలి, కొత్తవలస, పొందూరు కొట్టిన ప్రతిసారీ వేళ్లకి అదే శిక్ష. బల్ల ఇరుకైతే కుడివైపు నంబర్ ప్యాడ్ లేనిది తీసుకోండి, మిగతా కీలు మామూలు సైజులోనే ఉంటాయి. మీరు సర్వే నంబర్లు, మొత్తాలు ఎక్కువ కొడతారు కాబట్టి ఒకదానికైనా ప్యాడ్ ఉండటం మంచిది.

అక్షరాల స్టిక్కర్లు అంటించొద్దు. చెమటకి అంచులు లేచి వేలికి తగులుతాయి. లేఅవుట్ ప్రింటు తీసి మానిటర్ కింద అంటిస్తే చూపు తెర దగ్గరే ఉంటుంది, చెయ్యి తొందరగా కుదురుతుంది.

కుడి షిఫ్ట్‌ని ఎనిమిది సెకన్లు పట్టుకుంటే ఫిల్టర్ కీస్ అడుగుతుంది. చూసుకోకుండా ‘యస్’ (అవును) కొడితే ఆ తరవాత తేలిగ్గా నొక్కినవేవీ పడవు, కీబోర్డు పాడైందని పారేసేవాళ్లున్నారు. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, కీబోర్డ్‌లో ఆ షార్ట్‌కట్ ఆపేయండి.

నాగావళి గట్టు:
గుండ్రం పోయింది, వరస మార్చితే సరిపోయింది. ఇంకో రెండు. రాజ్‌కుమార్ అని కొడితే జ కింద క వత్తు పడుతోంది. ఇన్‌డిజైన్‌లో (ఇదీ పేజీలు కూర్చేదే) పేస్ట్ చేస్తే వత్తులన్నీ విడివిడిగా పక్కకి వస్తున్నాయి.

గంటస్తంభం:
పొల్లు తరవాత హల్లు వస్తే కలపడం దాని ధర్మం. మధ్యలో కనిపించని అడ్డు ఒకటి వేయాలి. వర్డ్‌లో అయితే ‘రాజ్’ అయ్యాక ఇంగ్లీషులోకి మారి 200సి అని కొట్టి (సి ఇంగ్లీషుదే) ఆల్ట్, ఎక్స్ నొక్కండి. అంకెలు మాయమై అడ్డు పడుతుంది, తరవాత ‘కుమార్’ కొట్టండి. తరచూ వచ్చే మాటలు ఆటోకరెక్ట్‌లో వేసుకుంటే ప్రతిసారీ ఈ తతంగం ఉండదు.

ఇన్‌డిజైన్‌లో మ్యాటర్ సెలెక్ట్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబీ వరల్డ్‌రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి, వత్తులు కిందకి దిగుతాయి. పేజ్‌మేకర్‌కి మాత్రం యూనికోడ్ రాదు. అందుకని పాత పెళ్లికార్డు ఫైళ్లు అనూలోనే ఉంచండి.