వలస కుటుంబాలకు ఓటు ఉంది, గ్రామసభ ఎందుకు లేదు?

ప్రశ్న: నారాయణపేట నుంచి ఒక పాఠకుడు

మాది నారాయణపేట జిల్లాలోని ఒక మెట్ట గ్రామం. ఒకప్పుడు కూలీలను కూడగట్టి పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ప్రాజెక్టుల మట్టి పనులకు వెళ్లిన వారి మనవలే ఈనాడు అదే విధంగా అడ్వాన్సు తీసుకుని పుణె, ముంబయి, హైదరాబాదు నగరాల్లో సెంట్రింగు పనికి వెళుతున్నారు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చిన తరువాత మా ఊళ్లో సర్పంచ్ పదవి దళితులకూ, మహిళలకూ దక్కింది. పింఛన్లు, రేషన్ బియ్యం చాలావరకు అందుతున్నాయి. అయినా ఏడాదిలో సగానికి పైగా అవే ఇళ్లకు తాళాలు ఎందుకు వేలాడుతున్నాయి? పోలింగు రోజున పుణె నుంచి బస్సులు పెట్టి మరీ మనుషులను రప్పించుకునే నాయకులకు గ్రామసభ రోజున ఆ మనుషులు గుర్తుకు రారు. ఈ పేదరికానికి నీళ్లు, భూమి, అప్పులే కారణమా, లేక స్థానిక రాజకీయాలకు కూడా అందులో వాటా ఉందా? అనుభవం ఉన్నవారు వివరించగలరు.

జవాబు: పదవీ విరమణ చేసిన పంచాయతీ కార్యదర్శి

వాటా ఉంది, పెద్ద వాటాయే. అది స్పష్టంగా కనిపించేది పంచాయతీ చెక్కు పుస్తకంలో. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం చెక్కు అధికారాన్ని సర్పంచ్‌కూ, ఉపసర్పంచ్‌కూ కలిపి ఇచ్చింది. సర్పంచ్ పదవికి రిజర్వేషన్ ఉంది. వార్డు సభ్యులు తమలోంచి ఎన్నుకునే ఉపసర్పంచ్ పదవికి లేదు. అందువల్ల దళిత మహిళ సర్పంచ్ అయిన చోట, తరతరాలుగా ఊరి పెత్తనం చేస్తున్న కుటుంబం తన మనిషిని ఉపసర్పంచ్‌గా గెలిపించుకుంటే చాలు, ఆ రెండో సంతకం పడేదాకా బోరు మోటారు మరమ్మతు బిల్లు కూడా కదలదు.

ఇక నిధుల సంగతి. రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన అంశాలు 29 ఉన్నాయి. ఇంటి పన్నుతో దీపాల కరెంటు బిల్లు కూడా తీరని చిన్న పంచాయతీకి మాత్రం ఆర్థిక సంఘం గ్రాంటే ఆధారం. 15వ ఆర్థిక సంఘం అందులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టింది. పని ముందు చేయించి బిల్లు కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. అంత స్తోమత లేని సర్పంచ్ ఎరువుల వ్యాపారి దగ్గరో, కాంట్రాక్టరు దగ్గరో అప్పు చేస్తుంది. ఆ తరువాత సిమెంటు రోడ్డు ఏ వాడకు పడాలో అప్పిచ్చినవాడే నిర్ణయిస్తాడు.

పోటీ లేకుండా పదవి అప్పగించే ఏకగ్రీవ ఎన్నికలకూ ఇందులో వాటా ఉంది, వాటిని నేను ఏనాడూ సమర్థించలేదు. 2021 ఎన్నికల సమయంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల వరకు ప్రోత్సాహకం ప్రకటించింది. గుడికి ఎక్కువ సొమ్ము ఇస్తామన్నవారికి పదవిని వేలం పాడే ఊళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అటువంటి చోట నామినేషన్ వేయబోయిన పేదవాడిని ఊరి ఐక్యతను చెడగొట్టినవాడిగా చూస్తారు.

జవాబు: హైదరాబాదు బస్తీలో పనిచేస్తున్న కార్యకర్త

మీ ఊళ్లో తాళం వేసి వచ్చినవారు మా దగ్గర కూలీల అడ్డా మీద పని కోసం నిలబడతారు. ఇక్కడ వారి స్థితి మరింత చిక్కు. 2011 జనాభా లెక్కల ప్రకారం చూస్తే, 150 డివిజన్లు ఉన్నప్పటి జీహెచ్‌ఎంసీలో (హైదరాబాదు నగరపాలక సంస్థలో) ఒక్కో కార్పొరేటరుకు సగటున 45 వేల మంది ఉండేవారు. నగరంలో ప్రజలు కూర్చుని మాట్లాడటానికి గ్రామసభ వంటి ఆచారం లేదు. 3 లక్షలు దాటిన నగరాలకు రాజ్యాంగం తప్పనిసరి చేసిన వార్డు కమిటీలు బస్తీవాసులకు ఎన్నడూ దగ్గర కాలేదు. ఓటు ఊళ్లో ఉంటుంది, ఇంటి యజమాని అద్దె పత్రం రాసివ్వడు, కనుక కార్పొరేటరుకు వీరితో పని లేదు. రేషన్ బియ్యం ఎక్కడైనా తీసుకోవచ్చు, కానీ ఇంటి స్థలం, పింఛను ఊరి చిరునామాను వదిలి రావు. ఆ ఖాళీలోకి బస్తీ లీడర్ వస్తాడు. 2014 డిసెంబరులో వచ్చిన 58వ నంబరు జీవో కింద, పేదలు ప్రభుత్వ స్థలంలో వేసుకున్న 125 గజాల లోపు ఇళ్లను ఉచితంగా క్రమబద్ధీకరించాల్సి ఉండింది. ఆ ఉచిత దరఖాస్తుకు కూడా కాగితాలు లీడర్ చేతిలో పెట్టి, ఆయన చెప్పిన మీటింగులకు వెళ్లి, ఆయన చెప్పిన ఖర్చు భరించిన కుటుంబాలు నాకు తెలుసు.

జవాబు: సామాజిక తనిఖీల్లో పనిచేసిన వ్యక్తి

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. కూలీ కుటుంబాల యువతీ యువకులకే శిక్షణ ఇచ్చి, ఊళ్లలో ఉంచి, ఇంటింటికీ వెళ్లి మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) చదివించేవారు. ఒక ఇంటి ముందు మేము హాజరు చదువుతుండగా, అరుగు మీది ముసలమ్మ, "మా పిల్లగాడు పుణెల ఉన్నడు గద బిడ్డా, ఈడ మట్టి ఎట్ల తీసిండు?" అని అడిగింది. తనిఖీలో తేలినవి అందరి ముందు చదివే మండల ప్రజావేదికలో అదే మాటను అధికారుల ముందు మైకులో చెప్పింది. అటువంటి దొంగ హాజరు తరువాత తగ్గింది. అయితే కూలీలు పోల్చుకోలేని సామగ్రి బిల్లుల్లోకి అక్రమాలు మళ్లాయి, తేలిన సొమ్ములో తిరిగి వసూలైనదీ తక్కువే. అయినా పేదవారు పేరు పెట్టి ప్రశ్నించగలిగిన సభలు అవి.

మీ గ్రామసభ విషయంలో ఒక సూచన. ఉపాధి పనుల జాబితా తయారుచేసే గ్రామసభలు అక్టోబరు 2న మొదలయ్యేవి. దసరా, దీపావళి దాటితే మీ ఊరి కూలీలు బయలుదేరతారు. పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ జరపాలంటుంది కనుక, తేదీ మార్చమని అడగడానికి అవకాశం ఉంది. పాలమూరు వలస కూలీలు ఎక్కడ ఉన్నా పీర్ల పండుగకు ఇంటికి వస్తారు, ఈ మధ్య అది జూన్, జూలైలలో పడుతోంది. ఆ వారంలోనే గ్రామసభ పెట్టాలని కూలీల సంతకాలతో సర్పంచ్‌కు, కార్యదర్శికి ముందే దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. ఎజెండాలో పనుల జాబితాతో పాటు గత ఏడాది బిల్లులను చదివి వినిపించాలని కూడా రాయండి.