చిన్న గది, బోలెడు సామాను: ముందు ఏది తేల్చుకోవాలి?

మూడో_అంతస్తు:
వచ్చే నెల క్లాసులు మొదలు. హాస్టల్లో సీటు రాలేదు, బయట అపార్ట్‌మెంట్‌లో ఒక గది కోసం తిరుగుతున్నా. ఇప్పటికి నాలుగు చూశాను, నాలుగూ అగ్గిపెట్టెలే. నా సామానులో సగం కూడా పట్టదు. ముందు గది ఖాయం చేసుకుని తర్వాత సామాను తగ్గించాలా, తగ్గించుకున్నాకే వెతకాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. పుస్తకాల జోలికి మాత్రం రావొద్దని ముందే మనవి.

టేపు_కొలత:
ముందు సామానే. నేను ముందు గది ఖాయం చేసుకుని దెబ్బతిన్నా. ఖాళీ గది ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది. చదువుకునే టేబుల్ హాయిగా పడుతుందనుకున్నా. గదిలో పట్టేదే, మెట్ల మలుపు దగ్గర ఇరుక్కుంది. నిలబెట్టాం, పక్కకి వాల్చాం, కాళ్ళు విప్పాం, గంటన్నర పోయింది. చివరికి మెట్ల కిందే వదిలేశాం, ఇప్పుడు దాని మీద అందరి హెల్మెట్లూ ఉంటాయి. అప్పట్నుంచి గది చూడ్డానికెళ్తే జేబులో టేపు ఉండాల్సిందే. మెట్ల మలుపు, లిఫ్టు లోతు, తలుపు వెడల్పు కొలవండి. తలుపు తెరిచి పెట్టి కొలవాలి, చెక్క మందం కూడా ఆ సందులోంచే పోతుంది. లోపలికి తెరుచుకునే తలుపైతే అది తిరిగే మేర నేల మీద ఏమీ పెట్టలేరు, ఆ మూల పోయినట్టే.

పాత_కాపు:
తమ్ముడూ, సామాను సంగతి తర్వాత, కాగితం సంగతి చూడు. ముగ్గురు రూమ్మేట్లు కలిసి ఒకే అగ్రిమెంట్ మీద సంతకం పెడితే చాలాచోట్ల మొత్తం అద్దెకి ప్రతి ఒక్కరూ బాధ్యులే. మాలో ఒకడు పరీక్షలకి ముందు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయాడు, వాడి వాటా మా ఇద్దరి నెత్తిన పడింది. ఎవరి గదికి వాళ్ళు విడిగా రాసుకునే వీలుందేమో అడుగు.

ఇంకోటి, తాళం చేతికొచ్చిన రోజే గోడలు, నేల, కిటికీ అద్దాలు, సింకు అన్నీ ఫోటోలు తీసి ఓనర్‌కి మెయిల్ చెయ్యి. ఫోన్లోనే ఉంచుకుంటే అది నీ మాట, పంపితే తేదీతో సహా సాక్ష్యం. నేను దిగేసరికే వంటగట్టు మీద కాలిన మచ్చ ఉంది, ఖాళీ చేసేటప్పుడు దానికి నా డిపాజిట్‌లోంచి కోశారు. ఫోటో తీశాను, పంపలేదు.

గది చూపించకుండా డబ్బు వేయమనేవాడి జోలికి పోనే పోకు. "నేను ఊళ్ళో లేను, తాళం కొరియర్‌లో పంపిస్తా" అన్నాడంటే అక్కడితో ఆపెయ్.

చెమ్మ_గోడ:
గది చూసేటప్పుడు కళ్ళతో పాటు ముక్కూ వాడండి. నాలుగు గోడల్లో ఒక్కదానికే కొత్త రంగు కొట్టి ఉంటే ఎందుకని అడగండి. షవరూ సింకూ ఒకేసారి తిప్పి చూడండి, ధార సన్నబడిందంటే పొద్దున్న హడావుడిలో ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

తక్కువ సామాను ఎందుకో నాకు ఆ చెమ్మే నేర్పింది. నా దగ్గర పెట్టెలు ఎక్కువై గోడలన్నీ కప్పేశా. బీరువాని బయటి గోడకి ఆనించేశా. పైగా బట్టలు గదిలోనే ఆరేసేదాన్ని. వాటి తడంతా గాలిలోకి చేరి చల్లటి గోడ మీద దిగుతుంది, వెనకాల గాలి ఆడకపోతే అక్కడే బూజు. రెండో నెలలో బెల్టు తీస్తే ఆకుపచ్చ నూగు పట్టి ఉంది. ఇప్పుడు బీరువాకీ గోడకీ మధ్య నాలుగు వేళ్ళ సందు వదులుతున్నా.

అరువు_అల్మారా:
అందరూ తగ్గించమనే చెప్తున్నారు, నేను రెండో వైపు చెప్తా. ఒక గిన్నె, ఒక గ్లాసు, నాలుగు జతల బట్టలతో వెళ్ళి మహా గర్వపడ్డా. బకెట్టు, ఇస్త్రీ పెట్టె, కత్తెర, సూదీదారం, అన్నీ రూమ్మేట్‌వి. ఓరోజు తను నవ్వుతూనే అంది, "నీ నిరాడంబరత అంతా నా అల్మారాలోనే ఉంది కదే" అని. మర్నాడే వెళ్ళి కత్తెర కొన్నా. బట్టల లెక్క కూడా ఉతికే రోజును బట్టి చూసుకోండి. వారానికోసారి ఉతికేవాళ్ళకి ఏడు జతలు చాలవు, ఆరే రోజులకి ఇంకో రెండు కావాలి. అలాగే చేరకముందే రూమ్మేట్లని అడిగి ఎవరు ఏం తెస్తున్నారో రాసుకోండి. మా వాటాలోకి మొదటి రోజు మూడు చీపుళ్ళొచ్చాయి, బల్బు ఒక్కటీ లేదు.

పాత_కాపు:
పుస్తకాల జోలికి వస్తున్నా, తిట్టుకోకు. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాములు) ఏ4 కాగితాలు 500 ఉన్న కట్ట రెండున్నర కిలోలు తూగుతుంది. పాత నోట్సు స్కాన్ చేసుకుని వదిలెయ్. పుస్తకాలు చిన్న పెట్టెల్లో సర్దు, దిండ్లూ దుప్పట్లూ పెద్దవాటిలో. మేం పుస్తకాలు పెద్ద పెట్టెలో సర్దితే మెట్ల మీద దాని అడుగు ఊడింది.

మూడో_అంతస్తు:
గది దొరికిందండీ. టేపు పట్టుకెళ్ళా, మూడు మీటర్లకి రెండున్నర. ఇంటికొచ్చి నా గది నేల మీద చాక్‌పీసుతో అంత గీత గీసి, అందులో పట్టినవే ఉంచుకుని పది రోజులు గడిపా. అమ్మ తుడిచేసినప్పుడల్లా మళ్ళీ గీశా. మంచం, సూట్‌కేసు, కుర్చీ పెట్టాక ఒక చిన్న టేబుల్‌కి చోటు మిగిలింది. గీత బయటున్నవాటిలో పది రోజుల్లో వెతుక్కున్నవి గొడుగు, ఎక్స్‌టెన్షన్ బోర్డు. పుస్తకాలు పదకొండు తెచ్చుకుంటున్నా, నోట్సు స్కాన్ చేశా. ఇక రాసుకోవడానికి ఏదైనా చిన్న టేబుల్ చూసుకోవాలి.

టేపు_కొలత:
మా మెట్ల కింద ఒకటుంది. కాళ్ళు విప్పే ఉన్నాయి. హెల్మెట్లు తీసి పట్టుకెళ్ళు.