మగాడు ఎలా ఉండాలో రేజర్ కంపెనీ చెప్పొచ్చా?

నల్లకుంట నాన్న:
మా అబ్బాయికి పదిహేనేళ్లు. నూనూగు మీసం గీసుకుంటానని మొన్న నా రేజర్ అడిగాడు. పక్కన కూర్చోబెట్టుకుని 2019 జనవరిలో వచ్చిన జిల్లెట్ అమెరికా యాడ్ చూపించాను. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. ఒక పిల్లాణ్ణి గుంపుగా తరమడం, ఆడవాళ్లను ఏడిపించడం చూపించి, మగవాళ్లు ఇంతకంటే మంచిగా ఉండగలరని చెబుతుంది. అప్పట్లో యూట్యూబ్‌లో దానికి లైకుల కంటే డిస్‌లైకులే ఎక్కువ వచ్చాయి. ఆ కంపెనీ సరుకు ఇక కొనమని చాలామంది ప్రకటించారు. నాకు మాత్రం యాడ్ నచ్చింది. మావాడు అంతా చూసి, "నాన్నా, మనల్నెందుకు తిడుతున్నారు?" అన్నాడు. వాడికి ఏం చెప్పాలో తోచలేదు. మీరైతే ఏం చెబుతారు?

ఉప్పల్ కుర్రాడు:
మీవాడు అడిగింది న్యాయమే సార్. అందులో మగవాళ్లంతా పొయ్యిల ముందు వరసగా నిలబడి, మగపిల్లలన్నాక అంతేలే అని ఒకే మాట అంటుంటారు. నేను ఏనాడూ ఏ అమ్మాయినీ ఏడిపించలేదు. నన్నెందుకు ఆ వరసలో నిలబెట్టాలి? బ్లేడ్ కొనేది గడ్డం గీసుకోవడానికి, బుద్ధి చెప్పించుకోవడానికి కాదు. జనం ఊరుకోలేదు కూడా. ఆ ఏడాదే జిల్లెట్ వల్ల మాతృసంస్థ పీ అండ్ జీకి 800 కోట్ల డాలర్ల నష్టం.

కాచిగూడ లెక్కలు:
ఆ 800 కోట్ల సంగతి వేరు. 2005లో పీ అండ్ జీ జిల్లెట్‌ను దాదాపు 5,700 కోట్ల డాలర్లకు కొన్నది. లెక్కల పుస్తకాల్లో చూపిస్తున్న ఆ విలువనే 2019లో 800 కోట్లు తగ్గించి రాసుకున్నారు. డాలర్ ముందు ఇతర దేశాల కరెన్సీలు పడిపోవడం, చవక బ్లేడ్ల పోటీ, జనం షేవింగ్ తగ్గించడం దీనికి కారణాలని కంపెనీ చెప్పింది. మన ఆఫీసుల్లోనే చూడండి, గడ్డం లేనివాళ్లు ఎంతమంది? యాడ్ వల్ల అంత నష్టమని ఆ లెక్కల్లో ఎక్కడా లేదు.

మెహదీపట్నం అక్క:
మగాడంటే ఎలా ఉండాలో కంపెనీలు ఎప్పట్నుంచో చెబుతూనే ఉన్నాయి తమ్ముడూ. చిరంజీవి నుంచి మహేశ్ బాబు దాకా థమ్స్ అప్ కోసం ఎన్ని సాహసాలు చేశారు! ఒక్క సీసా కోసం ప్రాణాలకు తెగించేవాడే మగాడని చూపిస్తే ఎవరికీ కోపం రాలేదు. 2005లో మగవాళ్లకు తెల్లబడే క్రీమ్ అమ్మడం మొదలుపెట్టారు. నల్లగా ఉన్నవాడు తక్కువని చెప్పడం కాదా అది? అప్పుడు మీ తరఫున ఎవరు గొడవ చేశారు?

2022 జూన్ గుర్తుందా? ఒక బాడీ స్ప్రే యాడ్‌లో షాపులో నలుగురు మగవాళ్లు, వాళ్లకు ముందు ఒక అమ్మాయి. వాళ్ల మాటలకు ఆ పిల్ల భయపడి వెనక్కి తిరుగుతుంది. తీరా చూస్తే వాళ్లు మాట్లాడుకున్నది స్ప్రే సీసా గురించి. కేంద్ర సమాచార శాఖ చెప్పి తీయించేదాకా వెళ్లింది. నేను రాత్రి తొమ్మిదింటికి బస్టాప్‌లో నిలబడేదాన్ని. ఆ పిల్ల ముఖంలో భయం నాకు తెలుసు. అందుకే జిల్లెట్ యాడ్‌లో ఒక అమ్మాయి వెంటపడబోయిన స్నేహితుణ్ణి ఆపే కుర్రాణ్ణి చూస్తే నాకు తిట్టినట్టు అనిపించలేదు. అలాంటివాడు ఒక్కడు ఆ బస్టాప్‌లో ఉంటే చాలనిపించింది.

సెలూన్ వాళ్లబ్బాయి:
రామ్‌నగర్‌లో మాది నాన్న పెట్టిన సెలూన్. అదే జిల్లెట్ 2019లోనే మన దేశంలో ఇంకో యాడ్ చేసింది. ఉత్తరప్రదేశ్‌లోని బన్వారీ టోలా ఊళ్లో, తండ్రి మంచాన పడితే ఇద్దరు ఆడపిల్లలు ఆయన సెలూన్ నడిపిన నిజం కథ అది. మొదట్లో మగపిల్లల్లా వేషం వేసుకుని పని చేశారట. యాడ్‌లో ఒకాయన కొడుకుతో వచ్చి, వాళ్లలో ఒక అమ్మాయి ముందు కుర్చీలో కూర్చుంటాడు. అక్కడ ఎవరినీ నిందించలేదు. కొడుకు చూస్తుండగా ఒక మగాడు మెడ వంచాడు, అంతే. దానిమీద మన దగ్గర అంత కోపం నేను చూడలేదు.

నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు మా అక్క రెండు నెలలు షాపులో నిలబడింది. బ్యూటీషియన్ కోర్సు చేసింది, చెయ్యి నాకంటే నిదానం. మొదటి రోజు ముగ్గురు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయారు. అక్క ఆ రోజంతా కత్తెరలు తుడుస్తూనే ఉంది. మర్నాడు ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరైన ఒక పెద్దాయన వచ్చి కూర్చుని, "కానీయమ్మా" అని గడ్డం పైకెత్తాడు. బయట బెంచీ మీద నలుగురు చూస్తున్నారు. వారం తిరిగేసరికి ఆ నలుగురూ కూర్చున్నారు. వాళ్లను ఎవరైనా నిలదీసి ఉంటే వేరే షాపుకు పోయేవాళ్లు. నేను వాళ్లను తిట్టాలనే అనుకున్నాను, నాన్నే వద్దన్నాడు.

ఉప్పల్ కుర్రాడు:
ఇది ఒప్పుకుంటా అన్నా. ఏరియల్ యాడ్ కూడా నాకు అందుకే నచ్చింది. కూతురు ఆఫీసు ఫోన్ మాట్లాడుతూనే ఇంటి పనంతా ఒక్కతే చేస్తుంటే చూసి, తండ్రి తన తప్పు తనే ఒప్పుకుంటాడు. తర్వాత ఇంటికెళ్లి బట్టలు ఉతుకుతాడు. అది కూడా పీ అండ్ జీదే. కానీ అక్కా, అమెరికా యాడ్ చూసి బాధపడ్డవాళ్లంతా చెడ్డవాళ్లని మాత్రం నేను ఒప్పుకోను.

మెహదీపట్నం అక్క:
చెడ్డవాళ్లని నేను అనలేదు తమ్ముడూ. ఆ బాధ రెండు నిమిషాలదని అంటున్నాను. మాది రోజూ ఉండేది.

నల్లకుంట నాన్న:
బన్వారీ టోలా యాడ్ కూడా మావాడికి చూపించాను. ఏమీ అనలేదు, ఇంకోసారి పెట్టమన్నాడు. సెలూన్ బాబూ, మీ అక్క ఇంకా షాపులో ఉంటుందా? వాడి మొదటి షేవ్ అక్కడ చేయిద్దామని ఉంది.

సెలూన్ వాళ్లబ్బాయి:
శనివారం సాయంత్రం వస్తుంది సార్. ఆదివారం రద్దీ, మంగళవారం సెలవు. శనివారమే తీసుకురండి.