వారపు అంగడి ఉండాలా, రహదారి మీది పెద్ద దుకాణం చాలా? హైదరాబాద్ శివార్లలో, పెద్ద అంబర్‌పేట వైపు మీరంతా ఎక్కడ కొంటున్నారు?

కొత్త కాపురం

దిల్‌సుఖ్‌నగర్‌లో పదకొండేళ్లు అద్దెకు ఉండి, పోయిన ఉగాదికి ఇక్కడ సొంత ఇంట్లో చేరాం. అక్కడ మెట్లు దిగితే కొత్తిమీర దొరికేది. ఇక్కడ ఇల్లు విశాలం, గాలి మంచిది, కానీ ఒక్క నిమ్మకాయ మరిచిపోతే వంట ఆగిపోతుంది. విజయవాడ రహదారి మీద ఉన్న పెద్ద దుకాణం మా ఇంటికి మూడున్నర కిలోమీటర్లు. కాలనీ మొదట్లో ఒక కిరాణా కొట్టు ఉంది. గురువారం సాయంత్రం ఖాళీ ప్లాట్ల పక్కన రోడ్డు మీద అంగడి పెడతారు. మా గుంటూరు వైపు సంత అంటాం.

ఇప్పుడు ఆ అంగడి మీదే తగువు. పోయిన ఆదివారం సంక్షేమ సంఘం సమావేశంలో కొందరు దాన్ని ఎత్తివేయించాలన్నారు. కార్లు లోపలికి రావడం కష్టమవుతోందని, మర్నాడు పొద్దున కుళ్లిన ఆకులు, ప్లాస్టిక్ సంచులు మిగిలిపోతున్నాయని వారి బాధ. "రహదారి మీద అన్నీ దొరుకుతుంటే ఇది ఎందుకు?" అని ఒకరు అడిగారు. నాకు అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి ఖర్చుల పుస్తకం తీశాను.

నాకు బండి నడపడం రాదు. మావారు పొద్దున వెళితే రాత్రికే వస్తారు. పెద్ద దుకాణానికి ఆటోలో వెళ్లి రావడానికి 160 రూపాయలు. నెల సరుకుల మీద అక్కడ నాలుగైదు వందలు మిగులుతుంది, అది నిజమే. కానీ కూరగాయల కోసం కూడా వారం వారం అక్కడికే వెళ్లిన నెలలో ఆటోలకు 640 అయింది. మిగిలిందంతా అందులోనే పోయింది, పైగా నాలుగు మధ్యాహ్నాలు గడిచిపోయాయి. అంగడికి నడిచి వెళ్లి అరగంటలో వారానికి సరిపడా తెచ్చుకుంటున్నాను. అంగడి ఉండాలనే నా మాట. కాదనేవారు ఎందుకు కాదంటున్నారో వినాలని ఉంది.

నాలుగో వీధి

ఎత్తివేయాలన్న వారిలో నేనూ ఉన్నాను. అందుకే నేరుగా చెబుతాను.

మొన్న నవంబరులో ఒక గురువారం రాత్రి మా నాన్నగారికి ఊపిరి అందలేదు. అంబులెన్స్ అంగడి దాటి మా వీధిలోకి రావడానికి పావుగంట పట్టింది. నేను ముందు పరుగెత్తుతూ ఒక్కో బండినీ పక్కకు జరపమని బతిమాలాను. అందరూ జరిపారు, ఎవరినీ తప్పు పట్టను. కానీ ఆ పావుగంట నేను జన్మలో మరిచిపోలేను. ఆయన బాగున్నారు కాబట్టి ఇది ఇంత నెమ్మదిగా రాయగలుగుతున్నాను.

రెండో సంగతి తూకం. అక్కడ కొన్న కిలో టమాటాలను ఇంట్లో కాటా మీద పెడితే 870 గ్రాములు తూగాయి. ఒకసారి కాదు, మూడు వారాలు చూశాను. పెద్ద దుకాణంలో ధర రాసి ఉంటుంది, రసీదు ఇస్తారు, పాడైన వస్తువు తిరిగి తీసుకుంటారు. మా అమ్మకు చదువు రాదు, బేరం చేయడం అంతకన్నా రాదు. ఆమె వెళ్లినా నేను వెళ్లినా అక్కడ ఒకటే ధర. కాలనీ కొట్టులో కందిపప్పు ధర అడిగే మనిషిని బట్టి మారుతుందని నా అనుమానం. ధర ఎక్కడా రాసి ఉండదు కదా!

లెక్కల మాస్టారు

బాబూ, నాన్నగారు కోలుకున్నందుకు సంతోషం. ఆ రాత్రి జరిగింది చిన్న విషయం కాదు. అయితే అంబులెన్స్‌కు అడ్డుపడింది అంగడి నిలబడిన చోటు. చోటు మార్చమని అడుగుదాం, నేనూ మీతో వస్తాను. తీసివేయాలన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం.

సంఘం తీర్మానం చేసినంత మాత్రాన అంగడి ఎత్తివేయడం కుదరదు కూడా. వీధి వ్యాపారుల కోసం 2014లో కేంద్ర చట్టం వచ్చింది. దాని ప్రకారం పట్టణ విక్రయ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే అయి ఉండాలి. సర్వే పూర్తి చేసి, ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాత తరలించాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మనం వెళ్లి పోలీసులకు చెబితే నలుగురి బండ్లు లాక్కుంటారేమో గానీ, అది న్యాయం కాదు.

తూకం గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లు సరైన ఫిర్యాదు. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, గడువు లోపల మళ్లీ పరీక్ష చేయించాలి. నా దగ్గర ఇనుప కిలో బాటు ఒకటి ఉంది. మా నాన్న ధాన్యం వ్యాపారం చేసిన నాటిది. అనుమానం ఉన్న కాటా మీద దాన్ని పెడితే నిజం బయటపడుతుంది.

కానీ పెద్ద దుకాణంలో మోసపోయే అవకాశమే లేదనుకోకండి. అక్కడ తూకం సరిగ్గానే ఉంటుంది, మన కళ్లే పొరబడతాయి. వంట నూనె లీటరు ప్యాకెట్ అంటే దాదాపు 910 గ్రాములు. పక్కనే అదే ఎత్తు, అదే రంగు ప్యాకెట్ ఉంటుంది, ధర పది రూపాయలు తక్కువ. తిప్పి చూస్తే 850 గ్రాములో, 800 గ్రాములో ఉంటుంది. గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ప్యాకెట్ మీద ముద్రించాలన్న నిబంధన ఉంది. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, అయినా ఆ అంకె ఒక్కటీ చదవండి. పెద్ద అక్షరాల్లో ఉన్న ధర చూసి కొనకండి. నలభై ఏళ్లు పిల్లలకు నిష్పత్తులు చెప్పినవాణ్ని, ఇది చెప్పకుండా ఉండలేను.

కొట్టు వారసుడు

ఆ కొట్టు మాదే. నాన్న ఇవన్నీ చదవరు కాబట్టి నేను రాస్తున్నాను.

ముందుగా అనుమానం సంగతి. మనిషిని బట్టి ధర మార్చడం మా ఇంట్లో లేదు. రెండు రకాల కందిపప్పు ఉంటుంది, రెండిటికీ ధర వేరు. అది రాసి పెట్టకపోవడం మా తప్పే, ఒప్పుకుంటున్నాను.

ఇక పెద్ద దుకాణంతో పోలిక. సబ్బు, టూత్‌పేస్టు, బట్టల పొడి లాంటివి మాకు డిస్ట్రిబ్యూటర్ ద్వారా వస్తాయి. కొన్నిసార్లు మేము కొనే ధర కంటే పెద్ద దుకాణం అమ్మే ధర తక్కువ. లారీల లెక్కన కొనేవారికి కంపెనీ ఇచ్చే ధర, ఒక అట్టపెట్టె కొనే మా నాన్నకు ఎందుకు ఇస్తుంది? అందుకని వాటి మీద మాతో పోల్చి మమ్మల్ని దొంగలనకండి. అవి అక్కడే కొనుక్కోండి, మనసారా చెబుతున్నాను. పప్పులు, చింతపండు, ఎండుమిర్చి, బెల్లం మాత్రం మా దగ్గర చూడండి. నాన్న పదిహేను రోజులకోసారి మలక్‌పేట మార్కెట్‌కు, బేగంబజారుకు వెళ్లి, చేతిలోకి తీసుకుని, వాసన చూసి తెస్తారు. పురుగు పడితే తిరిగి తీసుకుంటాం, రసీదు అడగం.

మా ఖాతా పుస్తకం గురించి ఎవరూ రాయలేదు. ఈ కాలనీలో ఇళ్లు కడుతున్న మేస్త్రీలు, కూలీలు, కాపలాదారుల కుటుంబాలు ముప్పైకి పైగా మా పుస్తకంలో ఉన్నాయి. శనివారం కూలి వస్తుంది, ఆదివారం బాకీ తీరుస్తారు. అరకిలో బియ్యం, పది రూపాయల నూనె, ఒక గుడ్డు కొనే మనిషికి రహదారి మీది దుకాణం ఏ విధంగా పనికొస్తుంది? 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఆ పుస్తకంలో పేర్లు రెట్టింపయ్యాయి. కొందరు ఊళ్లకు వెళ్లిపోయారు, బాకీలు మిగిలిపోయాయి. నాన్న ఆ పేజీలు చింపలేదు, ఎవరినీ ఫోనులో అడగలేదు. మీరు మా దగ్గర కొనకపోయినా ఫర్వాలేదు, కానీ "అన్నీ అక్కడ దొరుకుతాయి" అన్న మాట అందరికీ వర్తించదని తెలుసుకోండి.

అంగడి మాకు పోటీ కాదు. గురువారం మా గల్లా కాస్త ఎక్కువే నిండుతుంది.

పండ్ల ప్రియుడు

పండ్ల మాట ఎవరూ ఎత్తలేదు. కొత్తపేటలో ఉన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారానికి తరలింది. మనకు అవుటర్ రింగ్ రోడ్డు దాటితే దగ్గరే. మామిడి కాలంలో మా వీధిలో నాలుగు కుటుంబాలం కలిసి పెట్టెలు తెచ్చుకుని పంచుకుంటాం. ఒక్క ఇంటికే తెచ్చుకుంటే లాభం లేదు, సగం పండ్లు కుళ్లిపోతాయి.

యాచారం అమ్మాయి

అంగడిని ఇష్టపడేవారు ఒక పొరపాటు చేస్తున్నారు. అంగడిలో కొంటే రైతుకు మేలు జరుగుతుందనుకుంటున్నారు. మా నాన్న రైతు, వంకాయ, బెండ, ఆకుకూరలు పండిస్తారు. అంగడిలో అమ్మేవారిలో ఎక్కువ మంది రాత్రి టోకు మార్కెట్‌లో కొని, రోజుకొక కాలనీ తిరిగేవారు. సోమవారం ఒక చోట, గురువారం మీ దగ్గర. వారిదీ కష్టమే, అది వేరే సంగతి. రైతు చేతి నుంచి నేరుగా కొనాలంటే వనస్థలిపురం రైతు బజారుకు వెళ్లాలి.

రైతు బజార్లు 1999 జనవరిలో మొదలయ్యాయి. రైతుకు గుర్తింపు కార్డు ఇస్తారు, ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాస్తారు. టోకు ధర కన్నా కొంత ఎక్కువ, బయటి చిల్లర ధర కన్నా తక్కువ ఉండేలా నిర్ణయిస్తారు. బోర్డు ఎదురుగా ఉంటుంది కాబట్టి బేరం రాని అమ్మకూ ఇబ్బంది లేదు. నాన్న తెల్లవారుజామున మూడింటికి లేచి వెళ్తారు. ఏడింటికి వెళ్లినవారికి కోసిన కొద్ది గంటల కూర దొరుకుతుంది. పదకొండింటికి వెళ్లి వాడిపోయిందని అంటే మేమేం చేయగలం?

దూరమే కదా మీ ఇబ్బంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మా అమ్మ ఇప్పుడు రెండు సంచులతో యాచారం నుంచి బస్సులోనే వస్తోంది. కొత్త కాపురం అక్కా, మీ పుస్తకంలో ఆటో ఖర్చు రాశారు, బస్సు సంగతి చూశారా?

కొత్త కాపురం

చూశాను చెల్లీ. రహదారి వరకు వెళ్తే బస్సులకు కొదవ లేదు. ఇంటి నుంచి రహదారికి రెండు కిలోమీటర్లు, అక్కడికి బస్సు లేదు. వెళ్లేటప్పుడు నడుస్తాను. వచ్చేటప్పుడు ఎనిమిది కిలోల సంచితో, ఎండలో, చంటిదాన్ని ఎత్తుకుని నడవలేను. ఊరు చివర ఇల్లు కట్టుకున్నవాళ్లకు వస్తువు ధరతో పాటు ఈ రెండు కిలోమీటర్ల ధర కూడా పడుతుంది. కారు ఉన్న ఇంట్లో అది ఎవరికీ కనిపించదు. మా పక్కింటి అత్తయ్యగారికి డెబ్బై రెండేళ్లు, ఒంటరిగా ఉంటారు. వారమంతా ఆమె బయటికి వచ్చేది అంగడికి ఒక్కదానికే. ఆమెకు ఫోనులో సరుకులు తెప్పించుకోమని నేర్పించాను. తోటకూర కట్ట పట్టి చూడకుండా ఎలా కొంటామమ్మా అంటారు.

అయినా మీ మాటతో నెలకు రెండు ఆదివారాలు మావారితో రైతు బజారుకు వెళ్లాలని అనుకున్నాం. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, దోసకాయలు అక్కడ. ఆకుకూర, టమాటా అంగడిలో.

నాలుగో వీధి

రెండు రోజులుగా ఇవన్నీ చదువుతున్నాను. నా నెల సరుకులు పెద్ద దుకాణంలోనే కొంటాను, అందులో మార్పు లేదు. ఇద్దరం ఉద్యోగాలు చేసే ఇంట్లో ఒకే రోజు, ఒకే చోట, ఒకే రసీదుతో పని అయిపోవాలి. కానీ ఖాతా పుస్తకం గురించి నాకు తెలియదు. మా ఇల్లు కట్టిన మేస్త్రీ పిల్లలు ఆ కొట్టు ముందు నిలబడి ఉండడం చూశాను గానీ, ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

ఎత్తివేయాలన్న మాట వెనక్కి తీసుకుంటాను, రెండు షరతులతో. అంగడి మా వీధి మలుపు నుంచి కదలాలి. రాత్రి వెళ్లేముందు చెత్త ఎత్తాలి. తూకం విషయంలో మాత్రం నేను తగ్గను.

కొట్టు వారసుడు

నిన్న నాన్నతో మాట్లాడాను. పప్పులు, నూనె, చక్కెర, బియ్యం ధరలు పలక మీద రాయడానికి ఒప్పుకున్నారు. నా రాత బాగుండదు, అయినా రేపు పొద్దున రాస్తాను.

కొత్త కాపురం

ఇవాళ సాయంత్రం, అంగడికి కుదురుతుందేమోనని నీళ్ల ట్యాంకు వెనక రోడ్డు చూసి వచ్చాను. రెండు వైపులా ఇళ్లు లేవు, అంబులెన్స్ తిరిగే దారి కాదు. దీపం ఒక్కటే ఉంది, ఇంకో రెండు వేయించాలి. ఆకుకూరలమ్మే పెద్దావిడకు ఫోను చేశాను. చీకట్లో అయితే బేరం ఉండదు, దీపాలు వేస్తే అందరికీ తాను చెబుతానంది. నాలుగో వీధి అన్నగారూ, దీపాల సంగతి సంఘంలో మీరే ఎత్తితే బాగుంటుంది, మీ మాటకు బరువుంటుంది. మాస్టారూ, గురువారం ఐదింటికి మీ కిలో బాటు తీసుకుని ట్యాంకు దగ్గరికి రండి.